మేస్త్రి చూసిన మొదటి పందెం

బావమరిది ఇచ్చిన సలహాల్లో మేస్త్రి పాటించింది ఒక్కటే. పొద్దున్నే బస్సెక్కాడు. తక్కినవన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

"పాత బూట్లు వేసుకో బావా, నడక చాలా ఉంటుంది" అన్నాడు బావమరిది. మేస్త్రి కొత్తవి వేసుకున్నాడు. ఈ ప్రయాణం కోసమే కూర్చుని కుట్టుకున్నవి. నల్లటి తోలు, రెండు పొరల సోలు, మడమ కింద ఇనప నాడా. వీధి వీధంతటికీ బూట్లు కుట్టే మనిషి నలుగురిలోకి పాత బూట్లతో వెళితే కొట్టు పరువేం కాను? టోపీ పెట్టుకోమన్నాడు. పెట్టుకోలేదు. చెవుల్లో పెట్టుకోమని మెత్తటి స్పాంజి బిళ్ళలు రెండు చేతిలో పెట్టాడు. మేస్త్రి వాటిని జేబులో పడేసి, సుత్తి దెబ్బల మధ్య రాటుదేలిన చెవులు తనవని, వాటికి దూదీ స్పాంజీ అక్కర్లేదని చెప్పాడు.

బావమరిదిని అందరూ రేడియో అంటారు. సినిమా హాలు గుమ్మం దగ్గర టికెట్లు చించే పని అతనిది. నోరు తెరిస్తే కట్టేయడానికి మీట లేదు, అందుకని ఆ పేరు. పందేలకి వెళ్ళినప్పుడు మెడలో నిజంగానే చిన్న రేడియో ఒకటి వేలాడదీసుకుంటాడు. అందులో పందెం గురించి ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. అంటే ఆ రోజుల్లో అతని దగ్గర రెండు రేడియోలుంటాయన్నమాట.

"ఇంకో మాట బావా" అన్నాడు బస్సులో. "జెండా ఊపగానే లేచి వచ్చేయకు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ చేసే తప్పు అదే. పందెం అయ్యాక బండ్లన్నీ నెమ్మదిగా ఇంకో చుట్టు తిరుగుతాయి. అది చూడాలి."

"పందెమే అయిపోయాక చూసేదేముంది?"

"భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవా?"

"నీ మాటలు వింటే ముందే కడిగేసుకోవాలనిపిస్తుంది."

రేడియో పెద్దగా నవ్వాడు. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూశాడు. అతనికి నవ్వించాలని లేదు. తిట్టాలని ఉంది.

భార్య పోయాక మేస్త్రి ఎవర్నీ క్షమించలేదు. డాక్టర్ని క్షమించలేదు. పరామర్శకి వచ్చి గడియారం చూసుకున్న చుట్టాల్ని క్షమించలేదు. ఆస్పత్రి మెట్లని కూడా క్షమించలేదు, ఆమె ఎక్కలేక ఆగి ఊపిరి తీసుకున్న మెట్లు అవి. కానీ అందరికంటే పైన, ఆమె తమ్ముడు ఈ రేడియోని క్షమించలేదు. ఆమె మంచాన పడి ఉంటే, ఉన్న ఒక్క పిల్లనీ వెంటేసుకుని కార్ల పందేలకి తిరిగాడు వీడు. వీడి పుణ్యమా అని ఆ పిల్ల పెద్దదై కార్ల షెడ్డులో పనికి చేరింది. ఆ తర్వాత బండి నడుపుతానంది. ఇప్పుడు నడుపుతోంది. ఇవాళ కూడా నడుపుతుంది.

ఆ పిల్ల కొట్టు గడప తొక్కి చాలాకాలమైంది. దానికి కారణం ఒక జత బూట్లు.

బండి నడిపేటప్పుడు వేసుకునే బూట్లవి. ఒకదానికి ముందు కొస ఊడితే అతికించమని తండ్రి బల్ల మీద పెట్టి వెళ్ళింది. మేస్త్రి వాటిని తిరగేసి చూసి నిర్ఘాంతపోయాడు. సోలు కాగితంలా ఉంది. వేలితో నొక్కితే అవతలి వేలికి తగులుతోంది. కూతురి కాళ్ళ కింద కాగితమా? ఊరందరికీ గట్టి అడుగు వేసిపెట్టే తండ్రి ఉండగా? అంతే, పాతది పీకి పారేశాడు. తన దగ్గరున్న మేలైన రబ్బరు ఏరి, రెండు పొరలు వేసి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టు వేశాడు. అంత ప్రేమగా ఏ బూటూ కుట్టలేదు. పదేళ్ళయినా అరగదు అనుకున్నాడు.

ఆ బూట్లతో ఆమె సాధనకి దిగింది. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే ఎంత తొక్కుతోందో కాలికి తెలియలేదు. చక్రాలు బిగుసుకుపోయాయి. బండి మలుపు తిరగకుండా తిన్నగా ఇసకలోకి వెళ్ళి ముక్కు పగలగొట్టుకుంది. ఆమెకేం కాలేదు. సాయంత్రం కొట్టుకి వచ్చి బూట్లు బల్ల మీద పెట్టింది.

"సోలు ఎవరు వెయ్యమన్నారు నాన్నా?"

"అది వేసుకుని పది అడుగులు నడిస్తే చిరిగిపోయేది."

"దాంతో నడిచేదెవరు?"

"నడవడానికి పనికిరానివి బూట్లే కాదు."

అక్కడితో ఆపినా బాగుండేది. మేస్త్రి ఆపలేదు. మీ అమ్మే ఉంటే నిన్ను ఆ బండి ఎక్కనిచ్చేదా అన్నాడు. పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. బూట్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తర్వాత మేనమామ చేత కబురు పంపింది. నాన్న ఒక్క పందెం, మొదటి నుంచి చివరిదాకా కళ్ళారా చూడాలి. చూశాక ఎన్ని తిట్లయినా తిట్టమను, కొట్టుకొచ్చి మరీ తింటాను. చూడకపోతే మాత్రం ఇక ఆ గడప తొక్కను.

మేస్త్రి కబురు విని సుత్తి అందుకున్నాడు. వెళ్ళనన్నాడు. వెళ్ళనని చాలాసార్లు అన్నాడు. ఆఖరికి కొత్త బూట్లు కుట్టుకోవడం మొదలుపెట్టాడు. రేడియో అది చూసి ఏమీ అనలేదు. అతని జీవితంలో ఏమీ అనకుండా ఊరుకున్నది బహుశా ఆ ఒక్కసారే.

బస్సు దిగిన చోటినుంచి మైదానం ఇంకా కనిపించడం లేదు. రోడ్డు పక్కన చెట్లు, వాటి వెనక ఎత్తైన కంచె, జనం బారులు. కానీ గాలిలో ఏదో ఉంది. మొదట జోరీగలాగా వినిపించింది. చెవి దగ్గర చెయ్యి ఊపుకున్నాడు. జోరీగ పోలేదు. పెద్దదైంది. చెట్ల వెనక ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జరిగింది. ఎవరో ఆకాశమంత గుడ్డని ఆ చివరినుంచి ఈ చివరికి ఒక్క గుంజున చింపినట్టు వినబడింది. మేస్త్రి నడక ఆగింది.

"ఏంటది?"

"ఇంకా ఏం కాలేదు బావా. చిన్న బండ్లు, సాధనలో ఉన్నాయి" అన్నాడు రేడియో, తనే వాటిని కని పెంచినట్టు.

గేటు దగ్గర సంచులు వెతికారు. మేస్త్రి సంచీలో ఒక జత బూట్లు దొరికాయి. కాపలా మనిషి వాటినీ, మేస్త్రి కాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. "మార్చుకోవడానికా పెద్దాయనా?" అన్నాడు. మేస్త్రి సంచీ లాక్కుని ముందుకి నడిచాడు. ఆ బూట్లు అతనివి కావు, కూతురివి. ఎందుకు తెచ్చాడో అతనికే సరిగ్గా తెలియదు. విసిరికొట్టడానికి కావచ్చు. చూశావా, కుట్టు ఒక్కటైనా ఊడలేదు అని చూపించడానికి కావచ్చు.

లోపల రేడియో ఎడమకి తిరగబోయాడు. మేస్త్రి కుడికి తిరిగాడు. ఎదురుగా పెద్ద గ్యాలరీ. దాని ముందు ట్రాక్ గీత గీసినట్టు తిన్నగా ఉంది.

"అక్కడొద్దు బావా. కొత్తవాళ్ళు అందరూ అక్కడికే పోతారు."

"అందరిలో బండి వేగంగా పోయేది ఎక్కడ?"

"అక్కడే."

"పందెమంటే వేగమే కదా. అక్కడే కూర్చుంటాను. చూసేసి పోతాను."

ఎక్కి కూర్చున్నాడు. పక్కనే రేడియో గొణుక్కుంటూ కూర్చున్నాడు. ట్రాక్ ఖాళీగా ఉంది. దూరంగా చుక్కలాంటిది కనబడింది. మేస్త్రి ముందుకి వంగి కళ్ళు చికిలించాడు.

ఏదో ఛాతీ మీద గుద్దింది. గాలి ముక్కలైంది. కూర్చున్న బల్ల ఒణికింది. కళ్ళు మూసి తెరిచేసరికి కాలిన రబ్బరు వాసన తప్ప ఎదురుగా ఏమీ లేదు.

"ఏదీ?" అన్నాడు మేస్త్రి.

"ఏంటి ఏదీ?"

"బండి."

"పోయింది."

"ఎప్పుడు?"

"నువ్వు కళ్ళు మూసుకున్నప్పుడు."

రెండోది వచ్చింది. ఈసారి రెప్ప వేయకుండా చూశాడు. అయినా కనబడింది ఒక రంగు మాత్రమే. మిగతాదంతా మోత. మోత అంటే చెవితో వినేది అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇది దవడలో వినబడుతోంది. పళ్ళ చిగుళ్ళలో వినబడుతోంది. నాలుగు బండ్లు ఒక్కసారిగా వచ్చేసరికి మేస్త్రి చేతులు వాటంతటవే జేబులోకి పోయి స్పాంజి బిళ్ళల్ని పైకి తీశాయి. చెవుల్లో కుక్కుకున్నాడు. జారి కిందపడ్డాయి.

"నలిపి పెట్టాలి బావా. నలిపి పెడితే లోపలికెళ్ళి ఉబ్బుతాయి."

"నాకు తెలుసు."

"తెలిస్తే నలుపు మరి."

నలిపి పెట్టుకున్నాడు. లోకం కాస్త దూరం జరిగింది. గుండె దడ మాత్రం తగ్గలేదు. భయం కాదది. ఏమిటో చెప్పడం అతనికి చేతకాలేదు. చిన్నప్పుడు పిడుగు పడి పొలంలో చెట్టు నిలువునా చీలితే, అందరూ ఇళ్ళలోకి పరిగెడుతుంటే తను మాత్రం అక్కడే నిలబడిపోయిన సంగతి గుర్తొచ్చింది.

"ఇందులో మనమ్మాయి బండి ఏదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు మేస్త్రి.

"ఇక్కడ కూర్చుంటే తెలియదు. అందుకే వద్దన్నా. ఇక్కడ బండి కనబడుతుంది బావా, నడిపే మనిషి కనబడదు. కాలు కిందపెట్టి తొక్కి పట్టుకోవడం తప్ప ఇక్కడ వాళ్ళు చేసేదేమీ లేదు. పందెం చూడాలంటే వేగం తగ్గే చోటికి పోవాలి. మలుపు దగ్గరికి."

మేస్త్రి లేచాడు. పౌరుషం కొద్దీ ఇంకాసేపు కూర్చునేవాడే. కానీ వచ్చింది కూతుర్ని చూడటానికి, రంగుల్ని చూడటానికి కాదు.

మలుపు చాలా దూరం. కంచె వెంబడి గడ్డిబాట, ఎత్తులు, పల్లాలు. కొత్త బూట్లు కరవడం మొదలుపెట్టాయి. మొదట మడమ, తర్వాత చిటికెన వేలు. మేస్త్రి పళ్ళ బిగువున నడిచాడు. తను కుట్టిన బూట్లు తనని కరుస్తున్నాయని ఒప్పుకోవడం కంటే కాలు పోగొట్టుకోవడం నయమనిపించింది.

"కుంటుతున్నావు బావా."

"రాయి తగిలింది."

"ఇందాకటి నుంచి తగులుతూనే ఉందా?"

"నోరు మూసుకుని నడువు. ఇదంతా నీ వల్లే కదా. అది ఇక్కడికి వచ్చిందంటే నీ వల్ల. నేనిక్కడికి వచ్చానంటే నీ వల్ల. మీ అక్క అక్కడ ఊపిరి అందక చస్తుంటే నువ్వు పిల్లని తెచ్చి ఈ గోలలో తిప్పావు. ఏం మనిషివిరా నువ్వు?"

ఏళ్ళ తరబడి లోపల నానిన మాట. బయటికి వచ్చేసింది. రేడియో నడక ఆపాడు. మెడలో పెట్టె మీట తిప్పి కట్టేశాడు.

"అక్కే పంపింది బావా."

"ఏంటి?"

"పిల్లని తీసుకుపో అని అక్కే చెప్పింది. ఎక్కడికక్కా అంటే, ఎక్కడికైనా సరే, చప్పుడున్న చోటికి తీసుకుపోరా అంది. ఈ గది మరీ నిశ్శబ్దంగా ఉంది, పిల్ల కూడా నిశ్శబ్దమైపోతోంది అంది. నాకు తెలిసిన చప్పుడు ఇదొక్కటే. ఇక్కడికి తెచ్చా."

మేస్త్రి సంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"మొదటిసారి కంచె పట్టుకుని నిలబడి ఏడ్చింది. బండ్లు వచ్చినప్పుడల్లా గొంతెత్తి ఏడ్చింది. ఆ మోతలో ఎవరికీ వినబడదు కదా. నేను చూడనట్టు అటు తిరిగి నిలబడ్డా. తిరిగొచ్చాక అక్క అడిగింది, ఎలా ఉందే అని. అప్పుడు మొదలుపెట్టి రాత్రి అన్నం దాకా చెబుతూనే ఉంది పిల్ల. అక్క వింటూ పడుకుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్ను నోరు మూసుకోమని తప్ప ఇంకేమైనా అడిగావా?"

మేస్త్రికి ఆ గది గుర్తుంది. తను సాయంత్రాలు వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఆమె బూట్లు మంచం కింద ఉండేవి. వాటిని తీసి తుడిచి మళ్ళీ పెట్టేవాడు. ఆ గది నిశ్శబ్దంగా ఉండేదన్న మాట నిజమే. ఆ నిశ్శబ్దంలో ఎక్కువ భాగం తనదే.

రెండు అడుగులు వేశాక అన్నాడు, "పద, మలుపెక్కడ?"

మలుపు ఒక గుట్ట కింద ఉంది. దూరంనుంచి తిన్నగా దూసుకొచ్చిన ట్రాక్ అక్కడ ఒక్కసారిగా వెనక్కి మడిచినట్టు తిరిగిపోతుంది. గుట్ట మీద గడ్డిలో జనం కూర్చున్నారు. కింద జెండా పట్టుకుని నిలబడే మనిషికి చిన్న గూడు. దాని పక్కనే కంచె. "ఇక్కడే ఉంటామని అమ్మాయికి చెప్పా. ఆ గూడు దగ్గర. పసుపు బండి మనది" అన్నాడు రేడియో, మీట మళ్ళీ తిప్పుతూ. మబ్బు పట్టి ఉంది. గాలి ఆగిపోయింది.

పందెం మొదలైనట్టు ముందు నేలకి తెలిసింది. గడ్డి మీద ఆన్చిన అరచేతికి సన్నటి వణుకు తగిలింది. తర్వాత మోత. తర్వాత గుట్ట మీది జనమంతా ఒక్కసారిగా లేచారు.

గుంపుగా వచ్చాయి. నేలబారు బండ్లు, చక్రాలు బయటికే ఉన్నాయి, మధ్యలో మనిషి తల ఒక్కటే పైకి. ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు, మీద పడుతున్నట్టు వస్తున్నాయి. ఇంత వేగంతో ఇంత ఇరుకు మలుపులో తిరగడం జరిగే పని కాదు. మేస్త్రి చెయ్యి రేడియో భుజాన్ని పట్టుకుంది. ఇప్పుడు గుద్దుకుంటాయి. ఇప్పుడు.

అన్నీ ఒక్కసారి వంగి నమస్కారం పెట్టినట్టు ముక్కులు కిందికి దించాయి. చక్రాల మధ్య బ్రేకు పళ్ళేలు నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి. అంత పొగరు, అంత మోత, ఏదో కనబడని చెయ్యి మెడపట్టి నొక్కినట్టు అణిగిపోయింది. ఒక్క క్షణం, మనిషి పరిగెత్తేంత నెమ్మదిగా, మలుపు నడుం చుట్టూ తిరిగాయి. ఆ క్షణంలో మేస్త్రికి పసుపు బండి కనబడింది. అందులో తల కనబడింది. ఆ తలని కాస్త ఎడమకి వాల్చడం కనబడింది. చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించేటప్పుడు అలాగే వాల్చేది.

ఆ తర్వాత మళ్ళీ పిడుగు పడింది. వెళ్ళిపోయాయి.

మేస్త్రి నోరు తెరుచుకునే ఉంది. "అయ్యబాబోయ్" అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాదు.

ప్రతి చుట్టూ అంతే. పసుపు బండి ముందు తెల్ల బండి ఒకటి. మలుపు దగ్గర తెల్లబండి ఎక్కడ బ్రేకు తొక్కుతుందో పసుపు బండి అక్కడ తొక్కదు. ఒక్క పిసరు ఆగి తొక్కుతుంది. కంచె మీద ఒక గుంజకి రంగు వేసి ఉంది, మేస్త్రి దాన్ని గుర్తు పెట్టుకున్నాడు. మొదట గుంజకి ఇవతల తొక్కింది. తర్వాత గుంజ దగ్గర. తర్వాత గుంజ దాటాక. ఒకసారి వెనకొస్తున్న నీలం బండి ఆమెని చూసి తనూ అలాగే చేయబోయింది. దాని చక్రాలు బిగుసుకుని తెల్లగా పొగ లేచింది. అది మలుపు తిరగలేదు. తిన్నగా ఇసకలోకి వెళ్ళి కూరుకుపోయింది.

అదే ఇసక. మేస్త్రి రేడియో వైపు తిరిగాడు.

"ఎందుకలా అయింది?" అన్నాడు.

"కొంచెం ఎక్కువ తొక్కాడు. ఎక్కువ తొక్కితే చక్రం ఆగిపోతుంది, జారిపోతుంది. తక్కువ తొక్కితే బండి ఆగదు. ఆ మధ్యలో ఉంటుంది బావా, వెంట్రుకంత. అది కంటికి కనబడేది కాదు. కాలికే తెలియాలి."

మేస్త్రి తన కాలు గడ్డి మీద నొక్కాడు. ఏమీ తెలియలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. రెండు పొరల సోలు, కింద ఇనప నాడా. కింద నేల ఉందో, రాయి ఉందో, ఏమీ లేదో. వంగి లేసులు విప్పాడు. బూట్లు లాగేశాడు. మేజోళ్ళకి నెత్తురు అంటి ఉంది, అవీ లాగేశాడు. ఉత్త పాదాలతో నిలబడ్డాడు.

నేల బతికి ఉంది. బండ్లు ఇంకా అవతలి ఒంపులోనే ఉన్నాయి, కంటికి లేవు, చెవికి బిళ్ళలడ్డం. అయినా అరికాలికి తెలుస్తోంది. అదుగో వస్తున్నాయి. అదుగో ఎక్కువైంది. గడ్డి వేళ్ళలోంచి, మట్టిలోంచి, మడమ మీది పుండులోంచి పైకి పాకి మోకాళ్ళ దాకా వచ్చింది. మేస్త్రి తల ఎత్తేసరికి పసుపు బండి అక్కడ ఉంది. గుంజ దాటింది. ఇంకా తొక్కలేదు. ఇంకా. అంత బరువు, అంత నిప్పు, అంత మోత, ఒక ఆడపిల్ల అరికాలి మీద వేలాడుతున్నాయి. ఆ అరికాలి కింద తను రెండు పొరల రబ్బరు వేసి, చుట్టూ గట్టిగా కుట్టాడు.

తొక్కింది. ముక్కు వంచింది. లోపలి పక్కనుంచి దూరి తెల్లబండిని దాటి మలుపులోంచి బయటపడింది. గుట్ట మీద జనం కేకలు పెట్టారు. రేడియో గంతులేస్తున్నాడు. మేస్త్రి కదలలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ మోతలో ఎలాగూ ఎవరికీ తెలియదు.

ఆమె గెలవలేదు. ముందు ఇంకా రెండు బండ్లున్నాయి, అవి అలాగే ముందుండి పందెం ముగించాయి. అది మేస్త్రికి రేడియో చెబితేనే తెలిసింది. జనంలో కొందరు సంచులు సర్దుకుంటూ లేచారు.

"కూర్చోండి, కూర్చోండి. ఇంకో చుట్టు ఉంది" అన్నాడు మేస్త్రి వాళ్ళతో, ఏళ్ళ తరబడి వస్తున్నవాడిలా.

బండ్లు వచ్చాయి. ఇప్పుడు మోత లేదు, అలిసిపోయిన గురక. మేసి ఇంటికి మళ్ళిన ఆవుల్లా ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా వస్తున్నాయి. జెండా మనిషి గూట్లోంచి బయటికి వచ్చి చప్పట్లు కొడుతున్నాడు. నడిపేవాళ్ళు అతనికి చేతులూపుతున్నారు. పసుపు బండి మలుపు దగ్గర ఇంకా నెమ్మదించింది. హెల్మెట్ అద్దం పైకి లేచింది. ఆ తల గుట్ట వైపు తిరిగి వెతుకుతోంది.

చెయ్యి ఊపాలని మేస్త్రికి తట్టింది. ఊపాడు. చేతిలో తను విప్పిన బూటు ఉందన్న సంగతి మర్చిపోయాడు.

పక్కనున్న లావుపాటి మనిషి గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు. "ఏంటి పెద్దాయనా, బండి మీద బూటు విసురుతావా? ఆడపిల్ల అంత బాగా నడిపితే!"

"అది నా కూతురు."

"అయితే మాత్రం? కూతురైతే చెప్పు చూపిస్తావా?"

"వదలవయ్యా! ఊపుతున్నాను!"

"బూటుతోనా?"

"నా దగ్గర ఉన్నదదే!"

బండిలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి ఊగుతుంటే భుజాలు కూడా ఊగుతున్నాయి. ఆమె నవ్వుతోందని గుట్ట మీద ఉన్నవాళ్ళందరికీ తెలిసింది.

తర్వాత కంచె తలుపులు తెరిచారు. జనం ట్రాక్ మీదికి దిగారు. ఇది కూడా రేడియో బస్సులోనే చెప్పాడు, మేస్త్రి వినలేదు. మేస్త్రి ఉత్త పాదాలతో దిగాడు. ట్రాక్ ఇంకా వెచ్చగా ఉంది. కరిగి రాలిన రబ్బరు నలుసులు అరికాళ్ళకి అతుక్కున్నాయి. రంగు గుంజ దగ్గరికి నడిచాడు, దాన్ని దాటాడు, ఆమె కాలు నొక్కిన చోటు ఇదే అయ్యుంటుందనుకున్న దగ్గర వంగి అరచెయ్యి ఆన్చాడు. అక్కడ ఏమీ లేదు. నల్లటి నేల. అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఎరుపూ తెలుపూ రంగులేసిన అంచు మీద కూర్చున్నాడు.

జనం పలచబడ్డాక ఆమె వచ్చింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. మొహం మీద హెల్మెట్ గుర్తులు. కాస్త దూరంలోనే ఆగింది.

"చూశావా నాన్నా?"

"చూశాను."

"చివరిదాకా?"

"చెయ్యి కడుక్కునేదాకా" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. రేడియోకి అయింది, అటు తిరిగి మెడలో పెట్టె సవరించుకున్నాడు.

"బూట్లేవి?"

"కరిచాయి."

"నువ్వు కుట్టినవా?"

"నేను కుట్టినవే."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. మేస్త్రి మొహం చిట్లించుకున్నాడు. "ఇలా కూర్చో. కాలు ఇలా పెట్టు" అన్నాడు.

పక్కనే కూర్చుని కాలు తండ్రి మోకాలి మీద పెట్టింది. చిన్నప్పుడు కొలతలు తీసేటప్పుడు పెట్టినట్టు. వేసుకున్నవి ఎవరివో అరువు బూట్లు, వేళ్ళ దగ్గర కాస్త వదులు. మేస్త్రి సోలు కింద బొటనవేలు ఆన్చి నొక్కాడు. సోలు అవతల ఆమె అరికాలు వేలికి తగిలింది. అలాగే కొంచెం కొంచెం జరుపుతూ మడమ దాకా చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంది. తిడతాడనుకుంది. కొట్టు గడప ఇంకా చాలా దూరంలో ఉందనుకుంది.

మేస్త్రి సంచీలోంచి తను రెండు పొరలు వేసిన జత తీశాడు. తిరగేసి కుట్టు వైపు చూశాడు. మంచి కుట్టు. ఒక్కటి కూడా ఊడలేదు. మళ్ళీ సంచీలో పెట్టాడు.

"ఈ సోలు పీకేస్తాను" అన్నాడు. "రేపు కొట్టుకి రా. కాలు కొలవాలి. వేళ్ళ కింద నీకు ఎక్కడ తగలాలో చెప్పు, నేను చెయ్యి పెట్టే ముందే చెప్పు."

"చెబుతాను."

ఆమె కాలు ఇంకా మోకాలి మీదే ఉంది. మేస్త్రి బొటనవేలితో ఇంకోసారి అరువు బూటు సోలు నొక్కి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది మందం. ఇంకా పలచన చెయ్యొచ్చు."